కావలివాని యోగ్యత – లైసెన్సు ఎవరిది?

పైరు కంకి వేసిన దినములలో రైతు చేని నడుమ మంచె వేసికొని, వడిసెల చేతబట్టి పిట్టలను తోలుట మనమెల్లరము ఎరిగినదే. ఊరిలో రాత్రివేళ గస్తీ తిరుగుటకు తలారి యుండెడివాడు. ఆ తలారి ఎవరి కొడుకో, ఎట్టి నడవడి గలవాడో ఊరందరికిని తెలియును. వానికి వేరొక యోగ్యతాపత్రము అక్కరలేకపోయెను. ఊరివారి ఎరుకయే వాని పత్రము.

పట్టణములలో ఆ ఎరుక లేదు. బ్యాంకు వాకిట, ఆసుపత్రి గుమ్మమున, నగల దుకాణము ముందు, అపార్టుమెంటు గేటువద్ద రంగు చొక్కా తొడిగి నిలిచిన మనిషి ఏ జిల్లావాడో, నిన్నటివరకు ఏ పని చేసినాడో మనకు తెలియదు. అయినను మనము ఊరికి పోవునపుడు ఇంటిని కనిపెట్టి యుండుమని వానికే చెప్పి పోవుదుము. పిల్లలు బడినుండి వచ్చి వాని కన్నుల యెదుటనే ఆటోరిక్షా దిగుదురు. అర్ధరాత్రి ఎవరు లోనికి వచ్చిరో, ఎవరు వెలుపలికి పోయిరో వానికే తెలియును. ఇంత బరువును ఒక మనిషిపై పెట్టునపుడు, ఆ మనిషిని ఎవరు పరీక్షించిరి, ఎవరు తర్ఫీదు ఇచ్చిరి, ఎవరు అనుమతించిరి అను ప్రశ్న గృహస్థునకు సహజముగా పుట్టవలెను.

ఆ ప్రశ్న రెండవ వైపునుండియు పుట్టుచున్నది. పల్లెనుండి హైదరాబాదునకో, విశాఖపట్టణమునకో, విజయవాడకో పొట్టచేతబట్టుకొని వచ్చిన యువకుడు 'సెక్యూరిటీ గార్డు లైసెన్సు ఎక్కడ దొరకును?' అని అడుగుచు తిరుగును. అడిగినవానికి 'నేను ఇప్పించెదను, ఇంత సొమ్ము కట్టుము' అని చెప్పువాడు కూడ దొరకును. చట్టము చెప్పుచున్నదేమో తెలిసినయెడల ఈ వైపువారును, ఆ వైపువారును మోసపోకుందురు. కావున ఆ చట్టమును, దాని వెనుకనున్న ఉద్దేశమును కొంచెము వివరముగా చూతము.

మన దేశమున ఈ విషయమునకు మూలము 2005 సంవత్సరపు ప్రైవేటు భద్రతా సంస్థల క్రమబద్ధీకరణ చట్టము. ఆ యేటి చట్టములలో అది 29వది. 2006 మార్చి నెలలో అమలునకు వచ్చినది. అంతకు పూర్వము ఎవడైనను నలుగురిని పోగుచేసి, నాలుగు టోపీలు కొని, 'సెక్యూరిటీ సర్వీసు' అని బోర్డు కట్టి వ్యాపారము సాగించుటకు ప్రత్యేకమైన అడ్డు లేకుండెను. చట్టము ఆ వ్యాపారమునకు ఒక హద్దు ఏర్పరచినది.

ఇచ్చట అందరును గుర్తుంచుకొనవలసిన మొదటి సంగతి ఒకటి గలదు. మన చట్టము ప్రకారము లైసెన్సు అనునది కావలివానికి ఇచ్చునది కాదు. కావలివారిని సరఫరా చేయు సంస్థకు ఇచ్చునది. కావలివానికి కావలసినది లైసెన్సు కాదు, యోగ్యత. ఆ యోగ్యతను పరీక్షించి, తృప్తి చెంది, వానిని పనిలో పెట్టుకొను బాధ్యత సంస్థది. కనుక 'నీ పేర గార్డు లైసెన్సు తెచ్చిపెట్టెదను' అని ఎవడైనను సొమ్మడిగినచో, వాడు లేని వస్తువును అమ్మజూపుచున్నాడని గ్రహింపవలెను.

అన్ని దేశములలోను విధానము ఇట్లే యుండదు. ఇంగ్లండులో 2001 సంవత్సరపు చట్టము ననుసరించి కావలిపని చేయు వ్యక్తి తన పేరనే లైసెన్సు తీసికొనవలెను. తర్ఫీదు పొంది, పరీక్షలో నెగ్గి, నేరచరిత్ర పరిశీలనము ముగిసిన పిదప ఆ లైసెన్సు మూడేండ్లకు ఇత్తురు. గడువు తీరినపుడు మరల తీసికొనవలెను. దుబాయిలో 2016లో వచ్చిన శాసనము ననుసరించి 'సిరా' అను ప్రభుత్వ సంస్థ భద్రతా వ్యాపారమును పర్యవేక్షించుచున్నది. అచ్చట కావలిపని చేయువానికి తర్ఫీదును, పరీక్షయు, అనుమతియు కావలసియుండును. తెలంగాణపు ఉత్తర జిల్లాలనుండియు, కోస్తా, రాయలసీమలనుండియు గల్ఫు దేశములకు పోవు మనవారిలో ఈ కొలువునకు పోవువారు కలరు. కావున ఈ భేదమును వారు ముఖ్యముగా తెలిసికొనవలెను: ఇచ్చటి తర్ఫీదు పత్రము అచ్చటి అనుమతి కాజాలదు, అచ్చటి అనుమతి ఇచ్చట చెల్లదు.

ఇక సంస్థకు లైసెన్సు వచ్చు విధానమును చూతము. ప్రతి రాష్ట్ర ప్రభుత్వమును ఇందుకై ఒక నియంత్రణాధికారిని నియమింపవలెను. ఆయన హోంశాఖలో సంయుక్త కార్యదర్శి హోదాకు గాని, దానికి సమానమైన హోదాకు గాని తక్కువ కానివాడై యుండవలెను. సంస్థ ఆయనకు ప్రమాణపత్రముతో దరఖాస్తు పెట్టుకొనవలెను. చట్టము విధించిన రుసుము ఒక జిల్లాలో పని చేయుటకు 5,000 రూపాయలు. ఒకటికి మించి ఐదు జిల్లాల వరకు 10,000 రూపాయలు. రాష్ట్రమంతటను పని చేయుటకు 25,000 రూపాయలు. దరఖాస్తు అందిన 60 దినములలోగా అధికారి విచారణ జరిపి, లైసెన్సు ఇచ్చుటయో, కారణము చూపి నిరాకరించుటయో చేయవలెను. నిరాకరించినచో, సంస్థవారు 60 దినములలోగా రాష్ట్ర హోం కార్యదర్శికి అప్పీలు చేసికొనవచ్చును. దరఖాస్తుల నిమిత్తము కేంద్ర హోంశాఖ 2019లో ఒక వెబ్‌సైటును గూడ ఏర్పరచినది.

లైసెన్సు ఎవరికి ఇయ్యరాదో చట్టము స్పష్టముగా చెప్పినది. రెండేండ్లకు తక్కువ కాని శిక్షగల నేరము చేసినట్లు కోర్టు తీర్పు పొందినవారికి, నిషేధింపబడిన సంస్థలతో సంబంధము పెట్టుకొన్నవారికి, దుష్ప్రవర్తన కారణముగా ప్రభుత్వోద్యోగమునుండి తొలగింపబడినవారికి లైసెన్సు లేదు. దొంగచేతికి తాళపుచెవి ఇయ్యరాదనునదే ఇందలి సారము.

లైసెన్సు వచ్చినది మొదలు ఐదేండ్ల వరకు చెల్లును. గడువు తీరుటకు కనీసము 45 దినములు ముందుగా సంస్థ మరల దరఖాస్తు పెట్టుకొనవలెను. లైసెన్సునుగాని దాని నకలునుగాని తన కార్యాలయమున అందరికిని కనబడు తావున తగిలించవలెను. లైసెన్సు లేకుండ ఈ వ్యాపారము చేసినవారికి ఒక యేడాది వరకు కారాగారమో, 25,000 రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును.

ఇంతవరకు సంస్థ సంగతి. ఇప్పుడు మనిషి సంగతికి వత్తము.

కావలివాడుగా చేరువాడు భారత పౌరుడై యుండవలెను. లేదా కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిన దేశపు పౌరుడై యుండవలెను. పదునెనిమిదేండ్లు నిండి, అరువదియైదేండ్లు నిండనివాడై యుండవలెను. కోర్టువారిచే శిక్షింపబడినవాడును, సైన్యమునందో, పోలీసునందో, ప్రభుత్వ కొలువునందో, మరియొక భద్రతా సంస్థయందో దుష్ప్రవర్తనకుగాను తొలగింపబడినవాడును పనికిరాడు. సైన్యమునుండి, పోలీసునుండి, హోంగార్డులనుండి వచ్చినవారికి మొదటి అవకాశ మీయవలెనని చట్టము చెప్పుచున్నది. స్త్రీలకు ఎట్టి నిషేధమును లేదు. ఆసుపత్రులలోను, బాలికల వసతిగృహములలోను, పెద్ద దుకాణములలోను స్త్రీలను పరీక్షించి లోనికి పంపుటకు స్త్రీలే కావలయును గదా!

దేహదార్ఢ్యము, తర్ఫీదు, నడవడి – ఈ మూటిని గురించిన వివరములను నిబంధనలు చెప్పును. కేంద్ర ప్రభుత్వము 2006లో ఒక నమూనా నిబంధనావళిని, 2020లో క్రొత్త నమూనాను ప్రకటించినది. రాష్ట్రములు వీనిని చూచి తమ తమ నిబంధనలను చేసికొనవచ్చును. కావున ఏ రాష్ట్రమున పని చేయదలచినవారు ఆ రాష్ట్రపు నిబంధననే చూచుకొనవలెను. ఇచ్చట మనము చెప్పుకొనునది 2006 నాటి నమూనాలోని కొలతలు. ఆ కొలతలవలన ఈ పని ఎట్టి మనిషిని కోరుచున్నదో తెలియగలదు.

నమూనా ప్రకారము పురుషుని ఎత్తు కనీసము 160 సెంటీమీటర్లు, స్త్రీ ఎత్తు 150 సెంటీమీటర్లు. పురుషుని రొమ్ము 80 సెంటీమీటర్లుండి, ఊపిరి పీల్చినపుడు 4 సెంటీమీటర్లు పెరుగవలెను. అద్దములతోనైనను, అద్దములు లేకయైనను చూపు సరిగా నుండవలెను; రంగుల భేదము తెలియవలెను. ఒక కిలోమీటరు దూరమును ఆరు నిమిషములలో పరుగెత్తవలెను. పలుకును, ప్రమాదఘంటయు వినబడవలెను. అంటువ్యాధి యుండరాదు.

ఇవి సైనికుల కొలతలవలె కనబడినను, ప్రతిదానికిని ఒక కారణము గలదు. రంగులు తెలియవలెననుట చూడుడు. ప్రమాదమును చూపు యంత్రముపై ఎర్రదీపము వెలిగినదో, పచ్చదీపము వెలిగినదో తెలియనివాడు ఆ యంత్రము ముందు కూర్చుండియు ప్రయోజనము లేదు. గుర్తింపుకార్డులపై నుండు ఇంగ్లీషు అక్షరములును, అంకెలును చదువగలిగి యుండవలెననుటకును కారణ మిదియే. వచ్చినవాడు చూపిన కార్డు ఎవరిదో చదువలేనివాడు దానిని చూచియు చూడనివాడే.

తరువాత నడవడి. పనిలో చేర్చుకొనుటకు ముందు సంస్థ ఆ వ్యక్తి పూర్వచరిత్రను విచారింపవలెను. తానే విచారింపవచ్చును, పోలీసువారి నివేదికను తెప్పించుకొనవచ్చును. ఆ వ్యక్తి గడచిన ఐదేండ్లలో ఏయే జిల్లాలలో నివసించెనో అన్ని జిల్లాలకును వేరువేరుగా దరఖాస్తు ప్రతులను జతపరుపవలెను. పోలీసువారు ఆ వ్యక్తి యున్న వాడకు పోయి, ఇరుగుపొరుగు పెద్దలను విచారించి, ఠాణాలోని రికార్డులను చూచి నివేదిక ఇత్తురు. ఇచ్చట ఒక విశేషము గమనింపదగియున్నది. పూర్వము ఊరివారి ఎరుకయే తలారికి పత్రమని చెప్పుకొంటిమి. చట్టము ఆ ఎరుకనే కాగితముమీదికి తెచ్చినది. పట్టణమునకు వచ్చిన పల్లెవానికి తన పల్లె యిచ్చు సాక్ష్యమే ఆ నివేదిక.

మూడవది తర్ఫీదు. క్రొత్తగా చేరువానికి కనీసము 100 గంటలు తరగతిలోను, 60 గంటలు ఆరుబయటను, మొత్తము 20 పనిదినములకు తక్కువ కాకుండ తర్ఫీదు ఇయ్యవలెనని 2006 నమూనా చెప్పినది. సైన్యమునుండియు, పోలీసునుండియు వచ్చినవారికి 40 గంటలు తరగతిలోను, 16 గంటలు ఆరుబయటను చాలును. అది ఏడు పనిదినములకు తగ్గరాదు. నేర్పవలసినవి ఏవి? జనముతో మర్యాదగా మెలగుట, కట్టడములను, సామగ్రిని కాపాడుట, అగ్నిమాపకము, గుంపులను అదుపుచేయుట, గుర్తింపుపత్రములను పరీక్షించుట, ప్రేలుడు వస్తువులను పసిగట్టుట, ప్రథమచికిత్స, విపత్తులలో మెలగవలసిన తీరు, పోలీసు ఠాణాలో ఫిర్యాదు నమోదు చేయించు పద్ధతి, ఆత్మరక్షణ హక్కు, శిక్షాస్మృతిలోని ముఖ్యాంశములు.

'గేటు తీయుటకును మూయుటకును ఇంత చదువు ఎందుకు?' అని ఎవరైనను అడుగవచ్చును. ఒక్క అగ్నిప్రమాదమును తలచుకొన్నచో సమాధానము దొరకును. తెల్లవారుజామున మూడుగంటలకు అపార్టుమెంటు క్రిందిభాగమున విద్యుత్తు మీటర్ల పెట్టెనుండి పొగ వచ్చినదనుకొందము. తర్ఫీదు లేనివాడు మొదట బక్కెటుతో నీళ్లు తెచ్చి పోయును. విద్యుత్తు పారుచున్న తీగలపై నీరు పోయుట ప్రాణాపాయము. తర్ఫీదు పొందినవాడు మొదట మెయిన్ స్విచ్చిని ఆపును; గంట మ్రోగించి అందరిని లేపును; లిఫ్టులో ఎక్కవలదని, మెట్లమీదుగనే దిగుడని చెప్పును; అగ్నిమాపకదళమునకు కబురంపును; నిప్పు చిన్నదైనచో, తగిన అగ్నిమాపక సీసాను తీసికొని, మూతి మంటపైకి గాక మంట మొదలునకు త్రిప్పి వదలును. ఆ మొదటి ఐదు నిమిషములు ఎట్లు గడచినవను దానిపై పైఅంతస్తులలో నిద్రించువారి బ్రదుకు ఆధారపడియున్నది. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వరాదని మన పెద్దలు చెప్పినది ఇందుకే. 160 గంటల తర్ఫీదు ఆ ఐదు నిమిషముల కొరకు.

ఇప్పుడు కావలివాని చేతిలో నుండవలసిన కాగితములను లెక్కించుకొందము. ఒకటి, నడవడి పత్రము. రెండు, తర్ఫీదు పూర్తియైన పత్రము. మూడు, ఫోటోగల గుర్తింపుకార్డు. వీనిలో మొదటి రెండును వాని సొత్తు. ఒకసారి ఇచ్చిన నడవడి పత్రమును, ఆ వ్యక్తి కొలువు మానినను, సంస్థ మరల తీసికొనరాదని 2006 నమూనా చెప్పినది. అది మూడేండ్లు చెల్లును. కావున 'నీ పత్రములు మా యొద్దనే యున్నవి, నీవు మానరాదు' అని బెదిరించు సంస్థ నిబంధనకు విరుద్ధముగా నడచుచున్నది. ఈ సంగతి తెలియకయే అనేకులు ఇష్టములేని కొలువున చిక్కుకొని యుందురు. మూడవదియగు గుర్తింపుకార్డు మాత్రము సంస్థది. కొలువు మానిననాడు దానిని తిరిగి యిచ్చివేయవలెను. పోయినచో, దొంగిలింపబడినచో, వెంటనే సంస్థకు తెలుపవలెను. ఆ కార్డు పరులచేతిలో పడినచో, దానిని మెడలో వేసికొని ఎవడైనను ఏ యింటిలోనికైనను పోగలడు గదా!

యోగ్యత సంపాదించుట ఒక ఎత్తు, దానిని నిలుపుకొనుట ఒక ఎత్తు. ప్రతి పండ్రెండు నెలలకును వైద్యపరీక్ష చేయించవలెను. ఆ బాధ్యత సంస్థది. నడవడి పత్రపు గడువు తీరకముందే మరల విచారణ చేయించవలెను. చిరునామా మారినచో కార్డులో మార్పించవలెను. విధిలో నుండునపుడు కార్డును నడుమునకు పైభాగమున, వెలిదుస్తులమీద, అందరికిని కనబడునట్లు ధరింపవలెను. సంస్థ గుర్తుగల పట్టీ చేతికి, ఈల, శిరస్త్రాణము, లేసులు గల బూట్లు, ఒక నోటుపుస్తకము, వ్రాయుటకు కలము – ఇవి కావలివాని పరికరములు. వీనిలో నోటుపుస్తకమును చులకనగా చూడరాదు. ఏ బండి ఎన్నిగంటలకు వచ్చినది, ఎవరు ఎవరికొరకు వచ్చిరి అను రెండు వరుసలు రేపు పోలీసు విచారణలో నిర్దోషిని కాపాడవచ్చును. ఒక్కొక్కప్పుడు ఆ నిర్దోషి కావలివాడే కావచ్చును. దొంగతనము జరిగిన ఇంట మొదటి అనుమానము వానిమీదికే పోవుట లోకరీతి.

కావలివాడు చేయరానివి కూడ కలవు. సైనికుల దుస్తులనుగాని, పోలీసుల దుస్తులనుగాని, వానిని పోలిన దుస్తులనుగాని ధరించరాదు. అట్లు ధరించినచో వానికిని, వాని సంస్థ యజమానికిని ఒక యేడాది వరకు కారాగారమో, 5,000 రూపాయల వరకు జరిమానాయో, రెండునో కలుగును. తాను కావలి కాచిన ఇంటి సంగతులను, కార్యాలయపు సంగతులను పరులకు చెప్పరాదు. కొలువు మానిన పిదపను చెప్పరాదు. తుపాకి పట్టవలెనన్నచో 1959 సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము దానికి వేరుగా లైసెన్సు కావలయును; భద్రతా సంస్థ లైసెన్సు దానికి చాలదు.

దొంగ పట్టుబడినపుడు ఏమి చేయవలెను? ఇది కావలివారికే గాక గృహస్థులకును తెలియవలసిన విషయము. కావలివాని చొక్కా పోలీసు అధికారము నీయదు. సామాన్య పౌరునకు గల హక్కే వానికిని గలదు. 2024 జులై 1వ తేదీన అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 40వ విభాగము ప్రకారము, తన కన్నులయెదుట బెయిలుకు వీలులేని, పోలీసువారు వారంటు లేకుండ పట్టదగిన నేరము చేసినవానిని ఏ పౌరుడైనను పట్టుకొనవచ్చును. కాని ఆలస్యము చేయక, ఆరుగంటలు దాటకుండ, వానిని పోలీసులకు అప్పగింపవలెను. ప్రాణమును, సొత్తును కాపాడుకొనుటకు బలము ప్రయోగించు హక్కు భారతీయ న్యాయ సంహితలో గలదు. అది కీడును నివారించుటకు అవసరమైనంత వరకే. పట్టుబడినవానిని స్తంభమునకు కట్టి కొట్టుట రక్షణ కాదు, నేరము. ఆ నేరమున కొట్టినవాడును, 'కొట్టుము' అని చెప్పినవాడును భాగస్వాములగుదురు.

ఇక జీతము సంగతి. సంస్థ ప్రతి కావలివాని పేరు, చిరునామా, ఫోటోగ్రాఫు, జీతము రిజిస్టరులో వ్రాసి యుంచవలెనని చట్టము చెప్పుచున్నది. అంతేకాదు. చట్టమునకు ఒక అనుబంధము గలదు. కనీస వేతనములు, భవిష్యనిధి, బోనసు, గ్రాట్యుటీ, కాంట్రాక్టు కార్మికులు మున్నగువానికి సంబంధించిన శాసనములు అందు చేర్చబడినవి. అట్టి శాసనములను ఉల్లంఘించుట సంస్థ లైసెన్సును రద్దుచేయుటకు ఒక కారణము కాగలదు. అనగా కావలివాని కూలి ఎగవేయు సంస్థకు కావలిపెట్టు హక్కే పోవచ్చునన్నమాట. కావలివారు మరల మరల త్రాగి విధికి వచ్చినను, నమ్మకద్రోహము చేసినను, నేరములలో పాలుపంచుకొన్నను లైసెన్సు పోవును. కంచెయే చేను మేసినపుడు, ఆ కంచె వేసినవాడు బదులు చెప్పవలెను గదా.

గృహస్థులు ఇచ్చట తమ పాలిటి సంగతిని కూడ తలచుకొనవలెను. అపార్టుమెంటు సంఘమువారు నాలుగు సంస్థల ధరలు పిలిచి, అన్నిటికంటె తక్కువ చెప్పినవానికి కాంట్రాక్టు ఇచ్చుట పరిపాటి. ఆ తక్కువ ఎక్కడినుండి వచ్చును? తర్ఫీదునుండి తగ్గును, భవిష్యనిధినుండి తగ్గును, ముగ్గురు చేయవలసిన పనిని ఇద్దరికి పంచుటవలన తగ్గును. అనేకచోట్ల కావలివారు పండ్రెండుగంటల వంతులు చేయుచున్నారు. రెండవవాడు రానినాడు అదే మనిషి రాత్రియు, పగలును నిలువవలసి వచ్చును. తెల్లవారుజామున నాలుగుగంటలకు ఆ కన్నులు మూతపడినచో తప్పు ఆ కన్నులదేనా? సొమ్ము మిగిల్చితిమని సంతోషించు సంఘము తన నిద్రను తానే అమ్ముకొనుచున్నది.

సంస్థతో ప్రమేయము లేకుండ, సంఘమువారే నేరుగా పెట్టుకొను వాచ్‌మన్ సంగతి వేరు. పాలమూరునుండియో, శ్రీకాకుళమునుండియో భార్యాబిడ్డలతో వచ్చి, కట్టడపు క్రిందిభాగమున ఒక చిన్న గదిలో కాపురముండి, గేటు కాచి, మోటారు వేసి, చెట్లకు నీరుపోయు మనిషి వాడు. 2005 చట్టము కావలిని వ్యాపారముగా నడపు సంస్థలకే వర్తించునది కావున, ఆ 160 గంటల తర్ఫీదు గాని, వార్షిక వైద్యపరీక్ష గాని ఈతనికి దొరకవు. అందువలన ఆ బాధ్యత నేరుగా గృహస్థులమీదనే పడుచున్నది. పోలీసు ఠాణాలో వాని వివరములు తెలిపి విచారణ చేయించుట, అగ్నిమాపక సీసాను వాడు విధమును నిపుణునిచేత ఒక పూట నేర్పించుట, ఠాణా నంబరును, ఆసుపత్రి నంబరును పెద్ద అక్షరములతో గేటువద్ద వ్రాసి పెట్టుట – ఇవి వ్యయములేని పనులు. ఆ విచారణను అవమానముగా గాక రక్షణగా వానికి నచ్చజెప్పవలెను. నడవడి తేటయని కాగితముమీద నిలిచినవానిపై రేపు ఊరకే నింద వేయుట సులభము కాదు.

విదేశపు కొలువునకు పోవువారికి ఒక మాట. ఏజెంటు ద్వారమున పోవునపుడు, 1983 సంవత్సరపు వలసల చట్టము ప్రకారము ప్రభుత్వమునొద్ద నమోదైన ఏజెంటునే ఆశ్రయింపవలెను. ఆ ఏజెంటు కోరదగిన సేవారుసుమునకు ప్రభుత్వము 30,000 రూపాయల పరిమితి విధించినది. దానిపై పన్ను వేరు. తెలంగాణలో ప్రభుత్వము వారి 'టామ్‌కామ్' అను సంస్థయు విదేశోద్యోగములను చూపుచున్నది. చూచివచ్చువారి వీసాతో పోయి అచ్చట కావలికొలువు చేయవచ్చునను మాటను నమ్మరాదు. ఆ దేశపు తర్ఫీదు, పరీక్ష, అనుమతి ఖర్చులను ఎవరు భరింతురో ఒప్పందమున వ్రాతపూర్వకముగా ఉన్నదో లేదో, విమానమెక్కకముందే చదివించుకొనవలెను.

కడపట, గృహస్థులు తమ సంస్థను అడుగవలసిన ప్రశ్నలను క్రోడీకరింతము. లైసెన్సు చూపుదురా? దాని గడువు ఎప్పటివరకు? అది మా జిల్లాకు చెల్లునా? ఈ మనిషి నడవడి విచారణ జరిగినదా? తర్ఫీదు పత్రము గలదా? ఈ యేడు వైద్యపరీక్ష చేయించితిరా? మేమిచ్చు సొమ్ములో ఈతనికి చేరునది ఎంత? పర్యవేక్షకుడు ఎవరు, ఎప్పుడు వచ్చి చూచును? ఒక పర్యవేక్షకునకు పదునైదుగురికి మించి కావలివారిని అప్పగింపరాదని, వారు వేరువేరు చోట్ల నున్నచో ఆరుగురికి ఒక్కడైన నుండవలెనని 2006 నమూనాలో గలదు. ఈ ప్రశ్నలకు తడుముకొనక బదులు చెప్పు సంస్థకు రెండు రూపాయలు ఎక్కువిచ్చినను నష్టము లేదు.

కావలికొలువు కోరు యువకులు అడుగవలసినవి కూడ ఇవే. చేరుటకు ముందు సంస్థ లైసెన్సును చూడుడు. తర్ఫీదు ముగియగానే పత్రము అడిగి తీసికొనుడు. నడవడి పత్రమును భద్రపరచుకొనుడు. యూనిఫారమునకని, డిపాజిటుకని సొమ్మడిగినచో రసీదు లేకుండ ఇయ్యకుడు. జీతము రిజిస్టరులో ఎంత వ్రాసిరో తెలిసికొనుడు.

రాత్రివేళ మనము దీపమార్పి పడుకొనునపుడు గేటువద్ద ఒక మనిషి మేలుకొని యుండును. వాని పేరేమో, వాని యూరేదో ఈ వారములో ఒకనాడు అడిగి తెలిసికొనుడు. చట్టము కోరు విచారణలన్నిటికిని తొలిమెట్టు అదియే.